జనాభా లెక్కలో ఊరు, బస్సు దారిలో ఊరు

ఏ పల్లె వివరాలు తీసినా ముందుగా ఎదురయ్యేవి ఇంచుమించు ఒకే మూసలో పోసిన నాలుగు వాక్యాలు. "ఈ గ్రామం ఇన్ని ఇళ్లతో, ఇంత జనాభాతో, ఇన్ని హెక్టార్లలో విస్తరించి ఉంది. సమీప పట్టణం ఇన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. గ్రామానికి ఆటో సౌకర్యం ఉంది. రైల్వే స్టేషను 10 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంది."

మా ఊరి గురించి ఈ నాలుగు వాక్యాలు మొదటిసారి చదివినప్పుడు, ఇది మా ఊరేనా అన్న అనుమానం వచ్చింది నాకు. జనాభా అని చూపిన అంకె నేనెరిగిన ఊరికి దాదాపు రెండింతలు. ఆటో సౌకర్యం ఉందన్నారు. ఉన్న మాట నిజమే, కాకపోతే వాగుకు ఇవతలి వరకే. వాన పడిందంటే వాగవతలి తండాకు నడిచి వెళ్లడం తప్ప దారి లేదు. అంకెలు తప్పా అంటే తప్పు కాదు. అవి ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టాయో నాకు అప్పటికి తెలియదు. తెలుసుకుంటూ పోయిన కొద్దీ ఒక సంగతి స్పష్టమైంది. ఆ నాలుగు వాక్యాల్లో మొదటిదానికీ మిగతా మూడింటికీ గట్టి ముడి ఉంది. ఊరికి రోడ్డు వేయాలా వద్దా అనేది చాలాసార్లు జనాభా అంకె తేలుస్తుంది. ఆ జనాభా నిలుస్తుందా తరుగుతుందా అనేది రోడ్డు తేలుస్తుంది. ముడి విప్పాలంటే ముందు "ఊరు" అన్న మాట దగ్గర మొదలుపెట్టాలి.

ఏ ఊరి లెక్క ఇది?

జనగణనకు గ్రామం అంటే రెవెన్యూ గ్రామం. ఎప్పుడో సర్వే జరిగి, పొలిమేరలు తేలి, సర్వే నంబర్లు పడిన భూభాగం. ఆ గీతల మధ్య ఎన్ని ఇళ్ల గుంపులున్నా అన్నిటికీ కలిపి ఒకటే సంఖ్య. పాత ఊరు, దళితవాడ, వాగవతలి తండా, గుట్ట కింది గూడెం, బావుల దగ్గర వెలసిన పది కొట్టాలు, అన్నీ అందులోనే. 2011 లెక్కల్లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరంకెల కోడ్ ఇచ్చారు. తండాకు విడిగా కోడ్ లేదు. మా ఊరి జనాభా రెండింతలుగా కనిపించడానికి కారణం ఇదే: ఆ అంకెలో తండాలున్నాయి, కానీ తండాల పేరు లేదు.

పంచాయతీ సంగతి మళ్లీ వేరు. ఒక పంచాయతీ కింద రెండు మూడు రెవెన్యూ గ్రామాలు ఉండవచ్చు, ఒక రెవెన్యూ గ్రామంలోనే రెండు మూడు పంచాయతీలూ ఉండవచ్చు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఒక్కసారిగా 4,383 కొత్త పంచాయతీలు ఏర్పడ్డాయి, మొత్తం 12,751కి చేరింది. 500 జనాభా దాటిన తండాలు, గూడేలు ఎన్నో అప్పుడే సొంత పంచాయతీలయ్యాయి. ఆ తండాలకు ఇప్పుడు సర్పంచి ఉన్నారు, వార్డు సభ్యులున్నారు. 2011 పట్టికలో మాత్రం వాటికంటూ ఒక వరుస లేదు. తండా జనాభా ఎంత అని సర్పంచిని అడిగితే నోటిలెక్క చెబుతారు, ఓటర్ల జాబితా చూపిస్తారు. జనగణన అంకె చూపించమంటే చూపించలేరు.

దీనికి సరిగ్గా ఎదురు పరిస్థితి కూడా ఉంది. రెవెన్యూ రికార్డులో పేరుంటుంది, భూమి ఉంటుంది, మనుషులు ఉండరు. తెలంగాణ రెవెన్యూ వ్యవహారంలో అలాంటి ఊరిని "బేచిరాగ్" అంటారు. దీపం లేనిది అని ఆ మాటకు అర్థం. దేశంలోని దాదాపు 6.4 లక్షల గ్రామాల్లో 40 వేలకు పైగా ఇలా జనం లేనివే అని 2011 లెక్క. కొన్ని కలరా, ప్లేగు, కరువు రోజుల్లో ఖాళీ అయిన పాత ఊళ్లు. కొన్ని జలాశయాల్లో మునిగినవి. కొన్నిటికి మొదటినుంచీ పొలాలే తప్ప ఇళ్లు లేవు. ఒకే మాట వెనుక ఇన్ని చరిత్రలున్నాయి కాబట్టే, జనాభా సున్నా అని చూడగానే ఆ ఊరు పాడుపడిందని అనుకోకూడదు.

ఇక జిల్లాలు. 2011 పట్టికలోని మహబూబ్‌నగర్ జిల్లా ప్రాంతం ఇప్పుడు మహబూబ్‌నగర్‌తో పాటు నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట అంటూ విడివిడి జిల్లాలైంది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. ఊరు కదలలేదు, దాని జిల్లా కేంద్రం మాత్రం దగ్గరకు జరిగింది. పాత పట్టికలోని "జిల్లా కేంద్రానికి దూరం" అన్న వరుస చాలా ఊళ్లకు ఇప్పుడు చెల్లదు.

ఏ మనుషుల లెక్క ఇది?

రెండో చిక్కు మనుషులది. ఊరి జనాభా అంటే ఆ ఊరివాళ్లందరి లెక్క అని మనం సహజంగా అనుకుంటాం. 2011లో ఇంటింటికీ వెళ్లి లెక్క రాసుకున్న కాలం ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. మార్చి 1 మొదలయ్యే క్షణానికి ఉన్న జనాభా తేలేలా, మార్చి మొదటి రోజుల్లో మళ్లీ ఒకసారి తిరిగి పుట్టినవారిని చేర్చారు, పోయినవారిని తీసేశారు. నియమం ఏమిటంటే, మామూలుగా ఆ ఇంట్లో ఉండే మనిషి ఆ ఇరవై రోజుల్లో కొన్ని రోజులైనా అక్కడ ఉండాలి, లేదా ఫిబ్రవరి 28లోపు తిరిగి రావాలి. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేకపోతే ఆ మనిషిని ఊరి లెక్కలో వేయరు. ఎక్కడ కనిపిస్తే అక్కడి లెక్కలో వేస్తారు.

పాలమూరు పల్లెలు తెలిసినవారికి దీని అర్థం వెంటనే తెలుస్తుంది. వానాకాలం పంట చేతికి రాగానే, కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయికి, పుణేకు, హైదరాబాద్‌కు బయలుదేరే కుటుంబాలు ఎన్నో. తిరిగి వచ్చేది ఉగాదికి, లేదా తొలకరికి. ఫిబ్రవరి అంటే పని మంచి ఊపులో ఉండే నెల. ఆ నెలలో తీసిన లెక్కలో ఆ ఊరు తనకంటే చిన్నదిగా కనిపించక తప్పదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇటుక బట్టీల దగ్గర ఇదే వ్యవహారం తిరగబడుతుంది. పశ్చిమ ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు ఆ కాలంలో బట్టీల పక్కన గుడిసెల్లో ఉంటాయి. అక్కడే వాటిని లెక్కించాలి. దేశం మొత్తానికి చూస్తే మనుషులు ఎక్కడికీ పోలేదు, కూడిక సరిపోతుంది. కానీ రోడ్డు దేశం మొత్తానికి ఒకటి వేయరు కదా, ఒక్కో ఊరికి వేస్తారు.

అందుకే జనాభా మొత్తం అంకె కన్నా దాని పక్కనున్న చిన్న అంకెలు ఎక్కువ చెబుతాయని నా నమ్మకం. ఒకటి, స్త్రీ పురుషుల నిష్పత్తి. 2011లో అప్పటి నిజామాబాద్ జిల్లాలో వెయ్యిమంది పురుషులకు 1,040 మంది స్త్రీలున్నారు. గల్ఫ్ దేశాలకు మగవాళ్లు వెళ్లిపోయి, బీడీలు చుడుతూ ఇల్లు నడిపే ఆడవాళ్లు ఉన్న పల్లెల సంగతి ఆ ఒక్క అంకెలో వినిపిస్తుంది. రెండోది, ఆరేళ్లలోపు పిల్లల సంఖ్య. జనాభా రెండు వేలు ఉన్న ఊళ్లో ఆరేళ్లలోపు పిల్లలు మరీ కొద్దిమందే ఉన్నారంటే, పదేళ్ల తర్వాత ఆ ఊరి నుంచి కాలేజీకి బస్సెక్కే పిల్లలు ఎందరుంటారో ఇప్పుడే తెలిసిపోతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల జనాభా 2001లో 5.54 కోట్లు, 2011లో 5.63 కోట్లు. పదేళ్లలో పెరిగింది రెండు శాతం కూడా లేదు. అదే కాలంలో పట్టణాల జనాభా 35 శాతానికి పైగా పెరిగింది. ఇదంతా వలసే అనడం సరికాదు. అయిదు వేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత, పనిచేసే మగవాళ్లలో నూటికి 75 మంది వ్యవసాయేతర పనుల్లో ఉండడం, ఈ మూడూ కలిస్తే జనగణన ఆ ఊరిని పట్టణంగా రాస్తుంది. పంచాయతీ పంచాయతీగానే ఉండవచ్చు, లెక్కలో మాత్రం పల్లె జాబితా నుంచి వెళ్లిపోతుంది. పెద్దవై, దారి మీదున్న ఊళ్లు ఇలా పట్టణాల కిందికి మారుతుంటే, చిన్నవి, మూలనున్నవి పల్లె జాబితాలో మిగులుతాయి.

దూరాన్ని ఎలా కొలిచారు?

ఇక రవాణా వరుసలకు వద్దాం. జిల్లావారీగా ప్రచురించే జనగణన పుస్తకంలో గ్రామాల సౌకర్యాల పట్టిక ఉంటుంది. ప్రభుత్వ బస్సు, ప్రైవేటు బస్సు, రైల్వే స్టేషను, ఆటోలు, ట్యాక్సీలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, పడవ, జాతీయ రహదారి, రాష్ట్ర రహదారి, తారు రోడ్డు, కంకర రోడ్డు, కాలిబాట, ఇలా వరుసగా అడుగుతారు. సౌకర్యం ఊళ్లో ఉంటే ఉందని రాస్తారు. లేకపోతే అది దొరికే అతి దగ్గరి చోటు ఎంత దూరమో మూడు అక్షరాల్లో ఒకటి వేస్తారు. 5 కిలోమీటర్లలోపు ఒక అక్షరం, 5 నుంచి 10 వరకు ఒకటి, 10 దాటితే ఒకటి. మనం చదివే "10 కిలోమీటర్లకు పైబడిన దూరం" అన్న వాక్యం ఆ మూడో అక్షరానికి తెలుగు. 11 కిలోమీటర్లయినా అదే అక్షరం, 90 కిలోమీటర్లయినా అదే. పాడేరు కొండల్లోని ఊరికీ, గుంటూరు దగ్గర మెట్ట పొలాల మధ్య ఊరికీ రైలు విషయంలో ఒకే వాక్యం పడవచ్చు.

"ఉంది" అన్న మాట కూడా అంతే. రోజుకు ఎన్ని బస్సులు, ఏ వేళకు, వానాకాలంలో వస్తాయా అన్న ప్రశ్నలు ఆ పట్టికలో లేవు. రోజుకు ఇరవై ట్రిప్పులున్న ఊరూ, పొద్దున ఒకటి రాత్రి ఒకటి వచ్చే ఊరూ అక్కడ సమానం.

దూరం కిలోమీటర్లలో కుదరని చోటు గోదావరి లంకలు. నరసాపురం రేవులో నిలబడి చూస్తే అవతల సఖినేటిపల్లి కనిపిస్తుంది. మధ్యలో వశిష్ఠ గోదావరి. మనుషులను, బండ్లను నది దాటించే పంటు ఎక్కితే కాసేపట్లో అవతలి ఒడ్డు. మోటారుసైకిళ్లు, పాల క్యాన్లు, కొబ్బరికాయల బస్తాలు, బడిపిల్లలు అందరూ ఒకే చెక్క మీద నిలబడి దాటతారు. గోదావరికి వరద వస్తే పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. ఎదురుగా కనిపించే ఊరు ఒక్కరోజులో అంత దూరమైపోతుంది. యానాం దగ్గర గౌతమి మీద 2002లో బాలయోగి పేరిట వంతెన వచ్చాక ఎదుర్లంక వైపు ఊళ్లకు సరిగ్గా దీనికి ఎదురు జరిగింది: నేరుగా కొలిస్తే ఒక్క మీటరూ తగ్గలేదు, కాకినాడ ఆసుపత్రి మాత్రం ఒక్కసారిగా అందుబాటులోకి వచ్చింది. పల్లె దూరాన్ని గంటల్లో, రూపాయల్లో, కాలాల్లో చెప్పాలని నేను అంటున్నది అందుకే.

ఐదు వందల గీత

ఇప్పుడు అసలు ముడి. దేశంలో పల్లె రోడ్ల చరిత్రను మార్చిన పథకం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదాన ప్రాంతాల్లో 500 జనాభా దాటిన ఆవాసాలకు, కొండ, ఎడారి ప్రాంతాల్లో, గిరిజనుల కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన షెడ్యూల్డు ప్రాంతాల్లో 250 దాటినవాటికి అన్ని కాలాల్లో నడిచే రోడ్డు వేయాలన్నది దాని సూత్రం. లెక్కకు ఆధారం 2001 జనాభా. మావోయిస్టు ప్రభావం తీవ్రంగా ఉన్న చోట్ల ఆ తర్వాత 100కు తగ్గించారు.

ఇక్కడ గమనించవలసిన మాట "ఆవాసం". జనగణన రెవెన్యూ గ్రామాన్ని లెక్కిస్తే, రోడ్డు పథకం ఆవాసాన్ని చూస్తుంది. ఇళ్ల గుంపునే లెక్కలోకి తీసుకోవడం న్యాయమే. ఊరికి రోడ్డు ఉంది కాబట్టి తండాకూ ఉన్నట్టే అని తోసిపుచ్చకుండా కాపాడేది ఆ మాటే. కానీ తండాకు జనగణనలో విడి అంకె లేదు కాబట్టి ఆవాసాల జాబితాలు వేరుగా తయారు కావాలి. ఆ జాబితాలో పేరు, అంకె సరిగా పడితేనే రోడ్డు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒక రెవెన్యూ గ్రామం జనాభా 2,600. పెద్ద ఊరికి తారు రోడ్డు ఉంది. అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో తండా, 430 మంది. మైదాన ప్రాంతం కాబట్టి 500 గీత దాటలేదు, పథకం కింద రాదు. పక్క మండలంలో 300, 220 మంది ఉన్న రెండు గూడేలు, మధ్య దూరం 400 మీటర్లు. మైదానంలో అర కిలోమీటరు పరిధిలో ఉన్న ఆవాసాల జనాభాను కలిపి చూడవచ్చన్నది నియమం. కలిపితే 520. రోడ్డు వస్తుంది. 430 మంది ఉన్న తండాకు రాని రోడ్డు 220 మంది ఉన్న గూడేనికి వచ్చింది, రెండూ నియమం ప్రకారమే. ఆ 430 మంది లంబాడీ తండా అయినా గీత 500 దగ్గరే ఉంటుంది. ఎందుకంటే 250 మినహాయింపు గిరిజనులు ఉన్నారని ఇచ్చింది కాదు, ఆ నేల షెడ్యూల్డు ప్రాంతమని ఇచ్చింది. లంబాడీ తండాల్లో అత్యధికం షెడ్యూల్డు ప్రాంతాల బయటే ఉన్నాయి. ఇంతకాలం ఈ విషయం మీద జరగవలసినంత చర్చ జరగలేదని నా బాధ.

కొండల్లో కథ ఇంకా కఠినం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక శిఖరం మీద పదిహేను ఇళ్లు, లోయ దాటి మరో శిఖరం మీద ఇరవై. పోడు వ్యవసాయం, ఊటనీరు ఎక్కడుంటే అక్కడ ఇల్లు, అలా ఏర్పడిన ఊళ్లు అవి. ఏ ఒక్కటీ 250కి రాదు. నొప్పులు పడుతున్న గర్భిణిని దుప్పటి కట్టిన కర్రకు వేసి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తూ వాగులు దాటించే డోలీ మోత ఇక్కడి పల్లెల నిత్యవార్త. అంబులెన్సు ఉంటుంది, డ్రైవరు ఉంటాడు, ఫోను చేస్తే వస్తుంది. వచ్చి రోడ్డు ఆగిన చోట ఆగుతుంది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం చెంచులు, కొండరెడ్లు, సవరలు, గదబలు వంటి అతి వెనుకబడిన గిరిజన సమూహాల ఆవాసాలకు 100 జనాభా ఉన్నా రోడ్డు వేయవచ్చని గీతను కిందికి దించింది. 2024లో ఆమోదం పొందిన సడక్ యోజన నాలుగో దశ 2011 జనాభాను ఆధారంగా తీసుకుని, 62,500 కిలోమీటర్ల రోడ్లతో 25,000 ఆవాసాలను కలపాలని పెట్టుకుంది. గీత దిగిన ప్రతిసారీ కొన్ని వేల కుటుంబాలు డోలీ నుంచి బయటపడతాయి. గీత కింద ఇంకా మిగిలేవి మళ్లీ ఆ పదిహేను ఇళ్లే.

రోడ్డు పడ్డాక అన్ని కాలాల్లో నడుస్తుందా? పథకం భాషలో ఆ మాటకు అర్థం నీరు పోయే ఏర్పాటుతో, ఏడాది పొడవునా నడవగలిగే రోడ్డు అని. తారు తప్పనిసరి కాదు. వరద వచ్చినప్పుడు పరిమితంగా రాకపోకలు ఆగడానికీ అనుమతి ఉంది. వాగు మీద ఎత్తైన వంతెన కట్టాలంటే ఖర్చు, చప్టా వేస్తే చవక. చప్టా మీద నీళ్లు పారినన్నాళ్లూ అవతలివారికి దారి లేదు. అయినా కాగితం మీద ఆ ఊరు రోడ్డుతో కలిసినట్టే. మరమ్మతుల సంగతీ చెప్పుకోవాలి. వేసిన కాంట్రాక్టరే అయిదేళ్లపాటు ఆ రోడ్డును చూసుకోవాలి. ఆపైన భారం రాష్ట్రానిది. ఆరో ఏడాది నుంచి గుంతలు పడితే పూడ్చే డబ్బు ఎక్కడి నుంచి రావాలన్నది ప్రతి ఏటా కొత్తగా తేలవలసిన ప్రశ్న. అందులోనూ ప్రధాన జిల్లా రహదారి రోడ్లు భవనాల శాఖది, ఊరి రోడ్డు పంచాయతీరాజ్‌ది. రెండూ కలిసే అడ్డరోడ్డు దగ్గర తారు రంగు మారడం మనం అందరం చూసిందే.

రోడ్డు ఉంది, బస్సు ఏదీ?

ఈ పథకానికి మరో నియమం ఉంది, పెద్దగా ఎవరూ మాట్లాడరు: ఒక ఆవాసానికి ఒక్క రోడ్డే. ఇప్పటికే ఏదో ఒక వైపు కలిసి ఉంటే రెండో వైపు కొత్త రోడ్డు ఇవ్వరు. అందరికీ ముందు ఒక్కో దారి అన్న ఆలోచనలో న్యాయం ఉంది. ఫలితం మాత్రం ఏమిటంటే, మన పల్లెల్లో ఎన్నో దారి చివర ఊళ్లుగా మిగిలిపోయాయి. రోడ్డు ఊళ్లోకి వస్తుంది, ఊళ్లోనే ఆగిపోతుంది. అవతల మూడు కిలోమీటర్ల బండిబాట దాటితే సంత జరిగే ఊరు ఉన్నా అటు వాహనం పోదు.

బస్సు వస్తుందా రాదా అన్నది తేలేది ఇక్కడే. రెండు పట్టణాల మధ్య దారిలో ఉన్న ఊరికి, అక్కడ వంద గడపలే ఉన్నా, బస్సులు ఆగుతాయి. ఆ బస్సును నింపేది ఆ ఊరు కాదు, రెండు చివర్లు. దారి చివరి ఊరికి వెళ్లే బస్సు పోనూ రానూ ఆ ఒక్క ఊరి ప్రయాణికుల మీదే బతకాలి. ఆర్టీసీ చూసేది ఆక్యుపెన్సీ (సీట్లు ఎంతవరకు నిండాయన్నది), కిలోమీటరుకు రాబడి. జనాభా 800 ఉన్న దారి చివరి ఊరు ఈ రెండు లెక్కల్లో 200 జనాభా ఉన్న దారిలోని ఊరికి ఓడిపోతుంది. పైగా రోడ్డు వెడల్పు మూడు, మూడుముప్పావు మీటర్లు. బస్సే రెండున్నర మీటర్లు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఒకరు పొలంలోకి దిగాలి, ఊరి చివర బస్సు తిప్పుకునే జాగా ఉండాలి. రోడ్డు వేసేటప్పుడు బస్సును మనసులో పెట్టుకోకపోతే, వేశాక బస్సు రాలేదని వగచి లాభం లేదు.

నేను పెరిగిన రోజుల్లో మా ఊరికి నైట్‌హాల్టు బస్సు ఉండేది. రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చి రచ్చకట్ట పక్కన ఆగేది. డ్రైవరు, కండక్టరు కట్ట మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే పట్నం కబుర్లన్నీ అక్కడే తెలిసేవి. తెల్లవారుజామున అయిదుకు రెండుసార్లు హారన్. మొదటిది లేవమని, రెండోది కదులుతున్నానని. ఆకుకూరల మూటలు, పాల క్యాన్లు, పొద్దున్నే ఆసుపత్రి చీటీ రాయించుకోవలసిన ముసలివాళ్లు, ఇంటర్ చదివే మా అక్క, ఆమె స్నేహితురాళ్లు. ఆ అయిదు గంటల బస్సు ఉండబట్టే మా అక్క పట్నంలో గది తీసుకోకుండా రెండేళ్లూ ఇంట్లోంచే చదువుకుంది. ఇలాంటి బస్సు ఒక ఊరికి ఆగిపోతే మొదట ఆగేది ఆడపిల్లల చదువు. మగపిల్లలు ఎవరి బండి వెనకో ఎక్కి వెళ్తారు. పాల క్యాను ఆటోలో వెళ్తుంది, లీటరుకు మిగిలే రూపాయి తగ్గుతుంది.

ఆటో ఈ ఖాళీని చాలా వరకు నింపింది, ఆ మేలును తక్కువ చేయలేం. అడ్డరోడ్డు దగ్గరో, స్టేజీ దగ్గరో బస్సు దిగాక ఊళ్లోకి మిగిలిన మూడు నాలుగు కిలోమీటర్లు నడిపించేది ఆటోనే. కానీ అది మనుషులు నిండితే కదులుతుంది, రాత్రయితే ఉండదు. మోటారుసైకిల్ కూడా లెక్కను మార్చింది. 2011లో దేశంలోని పల్లె కుటుంబాల్లో మోటారు ద్విచక్ర వాహనం ఉన్నవి నూటికి 14. అప్పటి పట్టికతో ఇప్పటి ప్రయాణాలను అంచనా వేయలేం. బండి ఉన్నవారు బస్సు మానేస్తే బస్సులో మిగిలేది బండి నడపలేనివారు: ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక పల్లె వెలుగు బస్సు ఎక్కేవాళ్లు పెరిగారు. ఆ మేలు అందేది బస్సు వచ్చే ఊరివాళ్లకే. దారి చివరి ఊళ్లకు ట్రిప్పు వేయాలా వద్దా అని తేల్చేటప్పుడు ఈ కొత్త ప్రయాణికులను ఎలా లెక్క కడతారన్నది ఇప్పుడు అడగవలసిన ప్రశ్న.

రోడ్డు వేయడానికి జనాభా ఒక్కటే కారణం కానక్కరలేదని చూపించే చోటు ఒకటుంది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో సాలూరు పైన కొటియా పల్లెలు. 21 గ్రామాలు తమవంటే తమవని రెండు రాష్ట్రాలూ 1968 నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. యథాస్థితి కొనసాగుతోంది. అక్కడివారి దగ్గర రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉంటాయి. రోడ్లు, బడులు, ఆసుపత్రులు కట్టడంలో రెండు ప్రభుత్వాలూ పోటీపడ్డాయి. రోడ్డు అక్కడ హక్కుకు సాక్ష్యం. మనుషులు కొద్దిమందే ఉన్నా, కావాలనుకుంటే కొండ మీదికీ రోడ్డు వేయగలం అనడానికి ఆ పల్లెలే రుజువు.

తర్వాతి లెక్క 2021లో జరగవలసింది, కోవిడ్ వల్ల ఆగింది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా తీసుకుంటామని కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. మనుషులను లెక్కించేది మళ్లీ ఫిబ్రవరిలోనే. ఆ నెలలో లెక్క రాసుకునే ఎన్యూమరేటరు మా వాగు దాటడానికి ఇబ్బంది ఏమీ ఉండదు. అప్పటికి నీళ్లు ఉండవు, ఇసుకలో చక్రాల జాడలు కనిపిస్తాయి, తండాకు దారి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అవతల చాలా ఇళ్లకు తాళాలుంటాయి. ఆ తాళంచెవులు వేపచెట్టు కింది ఇంట్లో ఉండే ముసలమ్మ దగ్గర ఉంటాయి. ఎవరు ఏ ఊరి పనికి వెళ్లారో, ఎందరు పిల్లల్ని వెంట తీసుకెళ్లారో, ఎవరు శివరాత్రికి వచ్చిపోతారో, ఎవరు ఉగాదికి గానీ రారో ఆమె ఇంటింటికీ చెప్పగలదు.